ఎండోమెట్రియోసిస్ ఉంటే పిల్లలు ఎందుకు ఆలస్యమవుతారు? హార్మోన్ల పాత్ర ఏమిటి?

పలాసలో జీడిపిక్కలు ఒలిచే మా వదిన ప్రతి నెలా రెండు రోజులు కూలి మానుకుని, వేడినీళ్ల సీసా పొత్తికడుపుకు అదుముకుని చాప మీద ముడుచుకుని పడుకునేది. ఆడపుట్టుకకు ఇది మామూలే అన్నారు అందరూ. మామూలు కాదు. పెళ్లయిన నాలుగేళ్లకు గానీ ఎండోమెట్రియోసిస్ అని తేలలేదు.

ఈ జబ్బులో గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట, అండాశయాల మీదా పొత్తికడుపు గోడల మీదా పెరుగుతుంది. దానికి మేత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్. పైగా ఆ కణజాలం సొంతంగానూ ఈస్ట్రోజెన్ తయారుచేసుకుంటుంది. దాన్ని అదుపు చేయాల్సిన మరో హార్మోన్ ప్రొజెస్టెరాన్ మాట సరిగా వినదు. అందుకే రక్తపరీక్షలో హార్మోన్లు బాగానే కనిపించినా లోపల వాపు ఆగదు. ఆ వాపు వల్ల అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని, అండం గర్భాశయానికి చేరే ట్యూబుల దారి మూసుకుపోవచ్చు, అండం నాణ్యతా దెబ్బతినవచ్చు.

ఒక్క విషయం జాగ్రత్త. నొప్పి తగ్గడానికి ఇచ్చే హార్మోన్ మాత్రలు చాలావరకు అండం విడుదలను ఆపేస్తాయి. అవి సంతానం కోసం ఇచ్చే మందు కాదు. పిల్లలు కావాలనుకుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. ఈ జబ్బు వల్ల అండాశయంలో ఏర్పడిన తిత్తికి ఆపరేషన్ అంటే, అండాల నిల్వ తెలిపే ఏఎంహెచ్ పరీక్ష గురించి అడగండి, ఎందుకంటే ఆపరేషన్‌తో ఆ నిల్వ తగ్గవచ్చు. ఈ జబ్బున్నా చాలామంది సహజంగానే తల్లులవుతున్నారు. వయసు 35 దాటితే మాత్రం, ప్రయత్నించినా గర్భం రాకపోతే ఆరు నెలలకు మించి ఎదురుచూడకుండా డాక్టరును కలవండి.