గ్రాంటు అడిగే ముందు, హక్కుగా రావాల్సింది లెక్కేయమ్మా

చిరంజీవి సుజాతకు,

పాడేరు ఏజెన్సీలో నేరాల బారినపడ్డ ఆదివాసీ కుటుంబాలకు తోడు నిలిచే కేంద్రం కోసం నువ్వు రాసిన గ్రాంటు దరఖాస్తు చదివాను. ఆలోచన మంచిది, చాలా అవసరమైంది కూడా. కానీ 12 లక్షల బడ్జెట్‌లో సగానికి పైగా మందులు, కోర్టు ప్రయాణాలు, బియ్యం పప్పులు, చేతిసాయం అని చూపించావు. దాడి చేసినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కాని కేసుల్లో ఇవన్నీ ప్రభుత్వం ఇచ్చి తీరాల్సినవే. దాతల డబ్బుతో నువ్వే తీర్చేస్తే కలెక్టరేట్‌లో ఫైలు కదలదు, నీ డబ్బేమో ఆరు నెలలకే అయిపోతుంది.

అందుకే ముందు ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (అంటే అన్నిరకాల దౌర్జన్యాల) నిరోధక చట్టం కింద వచ్చిన 1995 నాటి నియమాలు తీసి చదువు. 2016లో సవరించిన అనుబంధంలో నేరాన్నిబట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా పరిహారం ఉంది. హత్య జరిగితే పోస్టుమార్టం అయ్యాక సగం, ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక సగం. అత్యాచారమైతే 5 లక్షలు. అందులో వైద్య పరీక్ష తర్వాత సగం, ఛార్జిషీటుకు పాతిక శాతం, కింది కోర్టులో విచారణ ముగిశాక మిగతా పాతిక. ఇంకొన్ని నేరాలకు ఎఫ్ఐఆర్ దశలోనే పాతిక శాతం ఇవ్వాలి. తక్షణ సాయం ఏడు రోజుల్లో అందాలని 12వ నియమం చెబుతోంది. హత్య, అత్యాచారం లాంటి ఘోరమైన కేసుల్లో ఆ కుటుంబానికి మూడు నెలలకు సరిపడా బియ్యం, పప్పులు, వంటపాత్రలు కూడా ఇవ్వాలి. చనిపోయినవారి భార్యకు గానీ వారిమీద ఆధారపడ్డవారికి గానీ నెలకు 5 వేల మూల పింఛను, దానిమీద కరువు భత్యం ఉన్నాయి.

11వ నియమాన్ని మాత్రం ఒకటికి రెండుసార్లు చదువు. దర్యాప్తుకో విచారణకో వెళ్లిన బాధితులకు, సాక్షులకు దారి ఖర్చులు, భోజనం ఖర్చు, కనీస వేతనానికి తగ్గకుండా కూలి ఇవ్వాలి. మహిళలు, పిల్లలు, 60 దాటినవారు తమకు నచ్చిన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు, ఆ మనిషి ఖర్చు కూడా ప్రభుత్వానిదే. డబ్బు వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైనా మూడు రోజులు మించకూడదు. అడిగేవాళ్లు లేకపోవడంవల్లే ఇది చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోతోంది. వెళ్లిన ప్రతిసారీ బస్సు టికెట్టు, హాజరైన తేదీ రాయించుకున్న చీటీ కలిపి ఒక కవరులో పెట్టి, అదే వారంలో అర్జీ వేయించు.

పరిహారం ఆగిపోవడానికి కారణాలు తిప్పితిప్పి చూస్తే నాలుగే. ఎఫ్ఐఆర్‌లో ఎస్సీ, ఎస్టీ చట్టం సెక్షన్ రాయకపోవడం మొదటిది. మొదటి రోజే కాపీ తీసుకుని సెక్షన్లు చూడు. లేకపోతే డీఎస్పీకి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి సెక్షన్ ఆల్టరేషన్ మెమో, అంటే సెక్షన్లు మారుస్తున్నట్టు పోలీసులు కోర్టుకు ఇచ్చే కాగితం, వేయించు. కుల ధ్రువపత్రం లేకపోవడం రెండోది, ముందే తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టించి రసీదు దాచు. బ్యాంకు ఖాతా కేవైసీ లేక మూతపడి ఉండటం మూడోది. ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో ఇంకో పేరు ఉండటం నాలుగోది. ఖాతా బాధితురాలి పేరుమీదే తెరిపించు, భర్తదో బావదో వద్దు. డబ్బు పడ్డ రోజునుంచే వాటాలకూ రాజీకీ ఒత్తిడి మొదలవుతుంది.

నిందితుడు కూడా గిరిజనుడైతే ఈ చట్టం వర్తించదు. ఇంటి హింస కేసుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, నీ దరఖాస్తులో దీని ప్రస్తావనే లేదు. అప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద బాధితుల పరిహారం కూడా అక్కడే అడగాలి. లైంగిక నేరాల్లో బాధితులు పిల్లలైతే, వాళ్ల రక్షణకున్న పోక్సో చట్టం నియమాల కింద తిండికీ బట్టలకూ ప్రయాణానికీ వెంటనే డబ్బు ఇప్పించమని బాలల సంక్షేమ కమిటీని కోరాలి. హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో తాత్కాలిక బస ఐదు రోజులకే. ఆరో రోజు ఎక్కడ ఉంచుతావో ముందే ఆలోచించుకో.

ఇవన్నీ పోగా మిగిలేది మనుషుల ఖర్చు. స్టేషనుకూ ఆసుపత్రికీ కోర్టుకూ వెంట వెళ్లే మనిషి, భాష తెలిసిన దుబాసీ. కోదుల భాష కువి మాత్రమే వచ్చిన ఆడమనిషి చెప్పింది తెలుగులో రాసి వేలిముద్ర వేయిస్తే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆమె మాటకూ కాగితానికీ పొంతన ఉండదు, కేసు అక్కడే వీగిపోతుంది. వాంగ్మూలం రోజున దుబాసీ పక్కన ఉండాలి, సంతకం చేసేముందు ఆమె భాషలో చదివి వినిపించాలి. దాత ముందు గట్టిగా చెప్పాల్సిన ఖర్చు ఇదే.

ఏడాదికి 30 కేసులనుకుని మళ్లీ లెక్కేస్తే ఇలా వస్తుంది. ఆ ఊళ్లవాళ్లే అయిన ఇద్దరు కార్యకర్తలకు నెలకు 15 వేల చొప్పున 3,60,000. దుబాసీకి రోజుకు 800, 120 రోజులకు 96,000. వెంట వెళ్లే కార్యకర్తలకు కేసుకు పది ప్రయాణాలు, ఒక్కోదానికి 350 చొప్పున 1,05,000. కార్యకర్తల శిక్షణకు 30,000, ఫోన్లూ కాగితాలకు 24,000. లెక్కలు రాసే మనిషికి నెలకు 5 వేలు, అంటే 60,000, ఆడిట్‌కు 25,000. ఇక ఒక లక్ష తిరుగుడు నిధి. సర్కారు డబ్బు వచ్చేలోగా బాధితుల దారి ఖర్చుకు ఇందులోంచి ఇచ్చి, వచ్చాక మళ్లీ ఇందులోనే వేస్తావు. మొత్తం 8 లక్షలు. ఒకే టికెట్టును గ్రాంటులోనూ సర్కారు అర్జీలోనూ చూపించొద్దు. ఆడిట్‌లో అది రెండుసార్లు వసూలు కిందికి వస్తుంది, సంస్థ పేరు ఒక్క దెబ్బకు పోతుంది.

డబ్బు ఎవరిని అడగాలంటే, ముందు కలెక్టరును. అవగాహన కేంద్రాలు, వర్క్‌షాపులు నడిపే స్వచ్ఛంద సంస్థలకు ఆర్థిక సాయం చేయాలని 3వ నియమంలోనే ఉంది. ఆ నియమాన్ని అర్జీలో ఎత్తి రాయి. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి, పెండింగ్ పరిహారాల పట్టిక దాని ముందు పెట్టించు. తర్వాత కంపెనీల సీఎస్ఆర్ నిధులు, అంటే సామాజిక బాధ్యత కింద అవి ఖర్చుపెట్టేవి. వాటికి సంస్థ రిజిస్ట్రేషన్, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే దర్పణ్ నంబరు, 12ఏ, 80జీ అని అందరూ పిలిచే ఆదాయపన్ను నమోదులు, సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ‘కేసులు’ అన్న మాట చూస్తే కంపెనీలు వెనకాడతాయి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో వెనుకబడిన వర్గాల అసమానతలు తగ్గించడమన్న అంశం ఉంది, దరఖాస్తు దానికిందే రాయి. విదేశీ నిధుల జోలికి ఇప్పుడే పోవద్దు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదుకు మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. వచ్చాక కూడా పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు.

నివేదికల సంగతి. దాతలు ఫొటోలు, ‘కథలు’ అడుగుతారు. లైంగిక నేరాల్లో బాధితురాలిని గుర్తుపట్టే వివరం ఏది బయటపెట్టినా అదే నేరం. చిన్న గూడెంలో ఊరిపేరు, వయసు రాసినా చాలు, ఎవరో తెలిసిపోతుంది. కేసుకో సంకేత సంఖ్య పెట్టుకో, పేర్ల పుస్తకం తాళంలో ఉంచు. లెక్కించేవి మాత్రం ఇవి రాయి: ఎన్ని ఎఫ్ఐఆర్‌లలో సెక్షన్ సరిచేయించావు, ఏ దశ పరిహారం ఎన్ని రోజులకు అందింది, 60 రోజుల గడువులో ఎన్ని ఛార్జిషీట్లు పడ్డాయి, 11వ నియమం కింద ఎంత రాబట్టావు. ఒప్పందం మీద సంతకం చేసేముందే, ‘బాధితుల పేర్లు, ఫొటోలు ఇవ్వబడవు’ అన్న వాక్యం అందులో రాయించు. దానికి ఒప్పుకోని దాత దగ్గర డబ్బు తీసుకోకు.

కొత్త ముసాయిదా రాశాక పంపు, బడ్జెట్ పేజీ ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ