నోటితోనే విసర్జిస్తాయా?

ప్రశ్న: మా ఊరి చెరువుగట్టు మీది మర్రిచెట్టుకు వందలకొద్దీ పెద్ద గబ్బిలాలు పగలంతా వేలాడుతుంటాయి. అవి తిన్న నోటితోనే విసర్జిస్తాయని, వాటికి కళ్లు కనిపించవని పెద్దలు చెబుతారు. జామతోటలను పాడుచేస్తున్నాయి కనుక తరిమేయాలని రైతులు అంటున్నారు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: పట్టపగలు చెట్టుకు బాహాటంగా వేలాడే అంత పెద్ద గబ్బిలాలు ‘ఇండియన్ ఫ్లయింగ్ ఫాక్స్’ అనే పండ్ల గబ్బిలాలే అయివుంటాయి. వాటి శాస్త్రీయ నామం టెరోపస్ మీడియస్. మన దేశపు గబ్బిలాలన్నింటిలోకి ఇదే పెద్దది. రెక్కలు చాపితే 1.2 నుంచి 1.5 మీటర్ల వెడల్పు ఉంటుంది, బాగా ఎదిగిన మగది కిలోన్నర వరకు తూగుతుంది.

నోటితో విసర్జన అన్నది అబద్ధమే గాని, ఆ మాట ఊరికే పుట్టలేదు. ఈ గబ్బిలం పండు గుజ్జును నమిలి, నాలుకతో అంగిట్లోని గట్ల మీద అదిమి, రసం మాత్రం మింగి, మిగిలిన పిప్పిని ఉండగా ఉమ్మేస్తుంది. తెల్లవారి చెట్టు కింద ఆ ఉండలు చూసినవారు అలా అనుకోవడంలో వింత లేదు. నిజంగా విసర్జించే వేళ అది బొటనవేళ్ల గోళ్లతో కొమ్మను పట్టుకుని, తల పైకి వచ్చేలా తిరిగి, పని కాగానే మళ్లీ కాళ్ల మీద వేలాడుతుంది. కాస్త ఓపిక పడితే మీ మర్రిచెట్టు కిందే దీన్ని చూడవచ్చు. వేలాడటానికి దానికి శ్రమ ఉండదు, ఎందుకంటే ఒంటి బరువుకే కాలి స్నాయువులు బిగిసి గోళ్లు కొమ్మను పట్టేస్తాయి.

గుడ్డితనం మాట పూర్తిగా తప్పు. పురుగులు తినే చిన్న గబ్బిలాల మాదిరిగా ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకునే విద్య ఈ జాతికి లేదు. మసక వెలుగులోనూ చక్కగా చూడగల పెద్ద కళ్లు, పండిన పండును దూరం నుంచే పసిగట్టే ముక్కు, ఇవే దానికి ఆధారం.

తోటలకు నష్టం జరగడం నిజమే, రైతుల కోపాన్ని కాదనలేము. అయితే మర్రి, రావి, మేడి పండ్లలోని సన్నని గింజలను మింగి, దూరాన ఎక్కడో విసర్జించేదీ, రాత్రిపూట ఇప్ప, బూరుగ పూల మీద వాలి పుప్పొడిని మోసేదీ ఈ గబ్బిలమే. తల్లి ఏడాదికి సాధారణంగా ఒకే పిల్లను, అదీ దాదాపు ఐదు నెలలు మోసి కంటుంది కాబట్టి, చంపడం మొదలుపెడితే గుంపు కోలుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి హానికర జీవుల జాబితాలో పెట్టింది. 2022 సవరణ ఆ జాబితానే తీసేసింది. పండ్లు పక్వానికి వచ్చే వారాల్లో చెట్ల మీద సన్నని కన్నుల వలను వదులు లేకుండా బిగించి కట్టడం మేలు, వదులుగా వేలాడే వలలో గబ్బిలాలు చిక్కుకుని చచ్చిపోతాయి.

జబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 2018లో కోళికోడ్ ప్రాంతంలో బయటపడిన నిపా వైరస్‌కు సహజ ఆశ్రయం ఈ జాతే. బంగ్లాదేశ్‌లో రాత్రివేళ కుండల్లోకి దిగే పచ్చి ఖర్జూర రసాన్ని గబ్బిలాలు నాకడం వల్ల అది మనుషులకు సోకింది. అందుచేత గీతకు కట్టిన కుండలపై మూత ఉంచాలి, కొరికిన పండ్లను తినకూడదు, నేల మీద పడివున్న గబ్బిలాన్ని వట్టి చేతులతో ముట్టుకోకూడదు.