అట్రిబ్యూట్ ఏ చోట రాయాలి?

ప్రశ్న: దోష సందేశం ముద్రించి, ఎగ్జిట్‌తో ప్రోగ్రామును ముగించే ఫంక్షన్ ఒకటి సీ భాషలో రాశాను. పారామీటర్ల బ్రాకెట్ మూశాక నోరిటర్న్ అట్రిబ్యూట్ (ఈ ఫంక్షన్ తిరిగి రాదని కంపైలర్‌కు చెప్పే గుర్తు) పెట్టాను. హెడర్ ఫైలులో అదే చోట ఉంటే జీసీసీ కంపైలర్ ఒప్పుకుంటోంది, నిర్వచనంలో ఎర్రర్ ఇస్తోంది. క్లాంగ్ కంపైలర్ మాత్రం హెచ్చరించి ఊరుకుంటోంది. ఏది సరైనది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: జీసీసీ చెప్పినట్టే చేయండి. నిర్వచనంలో అట్రిబ్యూట్‌ను విలువేమీ తిరిగి ఇవ్వదని తెలిపే వాయిడ్‌కు ముందు రాస్తే రెండు కంపైలర్లూ పేచీ లేకుండా ఒప్పుకుంటాయి. క్లాంగ్ హెచ్చరికను పూర్తిగా చదవండి: జీసీసీ ఈ చోటును అనుమతించదనే అదీ చెబుతుంది.

దీని వెనుక పాత సీ ఉంది. 1989 ప్రమాణానికి ముందు బ్రాకెట్లలో పారామీటర్ల పేర్లు మాత్రమే ఉండేవి. వాటి టైపులను బ్రాకెట్ మూశాక, ఫ్లవర్ బ్రాకెట్ తెరవకముందు ప్రకటించేవారు. మీరు అట్రిబ్యూట్ పెట్టింది సరిగ్గా అక్కడే. అది ఫంక్షనుదా, రాబోయే పారామీటరుదా అన్న సందేహం వస్తుంది. హెడర్‌లోని ప్రకటన సెమికోలన్‌తో ముగిసిపోతుంది కాబట్టి అక్కడ ఆ చిక్కు లేదు.

అయితే నిర్వచనం సరిచేసి, హెడర్‌లోది తీసేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. మీ ఫంక్షనును పిలిచే ఇతర ఫైళ్లకు కనిపించేది హెడర్ ఒక్కటే. అక్కడ నోరిటర్న్ లేకపోతే, ఇంట్ ఇవ్వాల్సిన ఫంక్షన్ మీ ఫంక్షనును పిలవడంతో ముగిసినప్పుడు, విలువ తిరిగి ఇవ్వలేదని కంపైలర్ అనవసరంగా హెచ్చరిస్తుంది. హెడర్‌లో ఉంటే, దాన్ని చేర్చుకున్న నిర్వచనానికీ ఆ గుణం వర్తిస్తుంది. మళ్లీ రాయనవసరం లేదు.

సందేశాన్ని ప్రింట్ఎఫ్ పద్ధతిలో తీసుకుంటున్నారా? అయితే ఆర్గ్యుమెంట్లు ఫార్మాట్ స్ట్రింగుకు సరిపోతున్నాయో లేదో చూడమని కంపైలర్‌కు చెప్పే ఫార్మాట్ అట్రిబ్యూట్ కూడా చేర్చండి: ప్రింట్ఎఫ్, 1, 2. ఫార్మాట్ స్ట్రింగ్ మొదటి ఆర్గ్యుమెంట్, తనిఖీ రెండో దాని నుంచి అని అర్థం. ఎగ్జిట్ కోడును ముందు తీసుకుంటే అవి 2, 3 అవుతాయి. పూర్ణాంకం అడిగిన చోట ఎవరైనా స్ట్రింగ్ ఇస్తే, హెచ్చరికలు చూపించే వాల్ ఆప్షన్‌తో కంపైల్ చేసినప్పుడే బయటపడుతుంది. ఇంత మేలు చేసే అట్రిబ్యూట్‌ను చాలామంది వాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒకే వరుసలో కామాలతో పలు ఫంక్షన్లు ప్రకటించకండి. ముందున్న అట్రిబ్యూట్ అన్నిటికీ అంటుకుంటుంది.

సీ23 అనే కొత్త సీ ప్రమాణంలో జంట చదరపు బ్రాకెట్లతో రాసే నోరిటర్న్‌ను ప్రకటన మొదట్లోనే పెట్టండి. పారామీటర్ల తర్వాత రాస్తే అది ఫంక్షనుకు కాక దాని టైపుకు చెందుతుంది, నోరిటర్న్ అక్కడ పనిచేయదు.