డిసెంబరుకల్లా పుస్తకం తేవాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతో పంపిన మూడు వ్యాసాలూ చదివాను. మీ ఊరి సంత మీద పుస్తకం వేస్తానంటున్నావు, హైదరాబాద్ బుక్ ఫెయిర్ నాటికి చేతిలో ఉండాలంటున్నావు, పబ్లిషర్ల చుట్టూ తిరిగేంత టైము లేదు కాబట్టి సొంతంగానే వేసుకుంటానంటున్నావు. ఇప్పుడు అక్టోబరు ఆఖరు. అవుతుందా అని అడిగావు. అవుతుంది. కాకపోతే నువ్వు అనుకుంటున్న రెండు వందల యాభై పేజీల పుస్తకం అవదు, తొంభై ఆరు పేజీల పుస్తకం అవుతుంది.

ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, గడువు దగ్గర పడ్డప్పుడు మన దగ్గర మొదట ఎగిరిపోయేవి ప్రూఫులే, అంటే అచ్చుకి ముందు పేజీలు తీసి తప్పులు చూసుకునే పని. రాయడం ఆలస్యమవుతుంది, డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టడం) ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం అంతా చివరికి ప్రూఫులు చూడాల్సిన నాలుగు రోజుల్ని మింగేస్తుంది. అందుకే అంత మంచి తెలుగు పుస్తకాలు అన్ని అచ్చుతప్పులతో వస్తున్నాయి. చదివేవాడికి నీ గడువుతో పనిలేదు, వాడి చేతిలో ఉన్న పేజీయే వాడికి నువ్వు. కోయాల్సి వస్తే పుస్తకాన్ని కొయ్యి, ప్రూఫుల జోలికి మాత్రం పోకు.

ఒక కాగితం తీసుకుని వెనక నుంచి లెక్క వేసుకో. బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరు రెండో సగంలో మొదలవుతుంది. అప్పటికి ఓ వారం ముందే కాపీలు నీ ఇంట్లో ఉండాలి. ఆ సీజన్లో ప్రెస్సులన్నీ కిటకిటలాడుతుంటాయి, అందరికీ అదే తేదీ కావాలి, లామినేషన్ దగ్గరా బైండింగ్ దగ్గరా క్యూ ఉంటుంది. కాబట్టి ఫైలు డిసెంబరు మొదటి రెండు మూడు రోజుల్లో ప్రెస్సుకి వెళ్లిపోవాలి. దానికి ముందు రెండు ప్రూఫులకి పది రోజులు. అంటే నవంబరు 20 నాటికి నీ రాత పూర్తయి, ఇంకొకరు చదివి, డీటీపీకి చేరిపోవాలి. రాయడానికీ, దిద్దించుకోవడానికీ కలిపి నీకు మిగిలింది మూడు వారాలు.

ఈ మూడు వారాల్లో ఎంత పడుతుందో చూద్దాం. డెమ్మీ సైజులో (మామూలు కథల పుస్తకం సైజు), కళ్లకి హాయిగా ఉండే అక్షరంతో, పేజీకి సుమారు రెండు వందల మాటలు వస్తాయి. తెలుగు మాటలు పొడుగు, ఇంగ్లీషు పుస్తకాల లెక్క ఇక్కడ పనికిరాదు. ప్రెస్సువాళ్లు పేజీలు లెక్కపెట్టరు, ఫారాలు లెక్కపెడతారు, పదహారు పేజీలు ఒక ఫారం. ఆరు ఫారాలు తొంభై ఆరు పేజీలు. ముందు పేజీలు పోను పద్దెనిమిది వేల మాటలకి చోటుంది. ఒక్కోటి రెండున్నర వేల మాటల చొప్పున ఏడు వ్యాసాలు. మూడు నీ దగ్గర ఉన్నాయి, ఇంకా నాలుగు రాయాలి. మూడు వారాల్లో నాలుగు వ్యాసాలంటే ఉద్యోగం చేస్తూ కూడా రాయొచ్చు, నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

నువ్వు పంపిన పన్నెండు అంశాల జాబితాలో ఏవి తీసేయాలో కూడా చెబుతాను. కాకతీయుల కాలం నుంచి సంతల చరిత్ర అన్నావే, అది తీసెయ్. అది చెడ్డ అంశమని కాదు, చాలా మంచి అంశం, అందుకే దాన్ని మూడు వారాల్లో రాయకూడదు. శాసనాలు చూడాలి, గెజెటీర్లు (జిల్లాల వివరాలు రాసిన ప్రభుత్వ పుస్తకాలు) చూడాలి, తెలిసినవాళ్లని అడగాలి. నెట్లో దొరికిన నాలుగు ముక్కలు అతికిస్తే మిగతా ఆరు వ్యాసాల మీద కూడా నమ్మకం పోతుంది. ఆన్‌లైన్ అమ్మకాలు సంతల్ని ఎలా దెబ్బతీశాయి అన్నదీ తీసెయ్, దానికి అంకెలు కావాలి, నీ దగ్గర లేవు. నువ్వు చూసినవి, నీకు తెలిసిన మనుషులు, చిన్నప్పటి నుంచీ వారం వారం వెళ్లి నిలబడిన చోట్లు, ఇవి ఉంచు. ఎడ్ల బేరం, ఎండుమిర్చి వరస, చెప్పులు కుట్టే తాత, సంత రోజు బస్సు, వాన పడ్డ సంత.

ఇక రాత సంగతి. నీ మొదటి వ్యాసం ఇలా మొదలైంది: "అనాదిగా మానవ జీవితంలో సంతలకు విశిష్టమైన స్థానం ఉంది." ఈ వాక్యం ఎవరైనా రాయగలరు, ఏ ఊళ్లోనైనా కూర్చుని రాయగలరు. అదే వ్యాసం మూడో పేజీకి వచ్చేసరికి మిర్చి అమ్మే ఆవిడ కనిపిస్తుంది. తక్కెడ సరిసమానంగా నిలిచాక, కొన్నామె సంచీ మూతి ముడి వేసుకోబోతుంటే, ఆవిడ ఆపి ఇంకో గుప్పెడు కాయలు సంచీలోకి జారవిడుస్తుంది. "కొసరు లేకుండా పంపితే మళ్లీ వారం నా మొహం చూస్తావా" అంటుంది. అది చదివి ఆగిపోయాను నేను. ఆ గుప్పెడు దగ్గర్నుంచి మొదలుపెట్టు. ముందున్న రెండు పేజీలూ కొట్టేస్తే పోయేదేమీ లేదు. ఏడు వ్యాసాలకీ ఇదే పని చెయ్యి, ప్రతిదాంట్లో ఎక్కడ మనిషి మొదట మాట్లాడిందో వెతుకు, చాలాసార్లు మొదలు అక్కడే ఉంటుంది. ఉపన్యాసంలాంటి పేజీలు తీసేస్తే గడువు కూడా కలిసొస్తుంది.

రోజూ ఒకే వేళలో కూర్చో. టైపు చేయడానికి చేతులు రాకపోతే ఫోన్‌లో మాట్లాడి రాయించుకో, ఇప్పుడు తెలుగు వాయిస్ టైపింగ్ బాగానే పనిచేస్తోంది. చుక్కలూ కామాలూ చాలాసార్లు పెట్టదు, ఊరి మాటల్ని తనకి తెలిసిన మాటలుగా మార్చేస్తుంది, అందుకని ఆ రోజుది ఆ రోజే సరిచూసుకో. వారం ఆగితే నువ్వన్నదేమిటో నీకే గుర్తుండదు. అన్నీ ఒకే ఫైలులో ఉంచు, ఒక వ్యాసం వాట్సాప్‌లో, ఇంకోటి మెయిల్లో, మరోటి నోట్స్‌లో ఉంటే నవంబరు 20న వెతుక్కోవడమే సరిపోతుంది. నిన్నటి పేజీలు మళ్లీ మళ్లీ చదివి దిద్దుకోవడం మాత్రం ఈ మూడు వారాలు మానెయ్. దిద్దడానికి వేరే రోజులు పెట్టాం కదా.

దిద్దేవాళ్లు ఒకరు కావాలి. మెచ్చుకునే స్నేహితుడు కాదు, ఇక్కడ బోర్ కొట్టింది అని పెన్సిల్‌తో గీత పెట్టేవాళ్లు. మీ ఊళ్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు ఎవరైనా ఉంటే వెళ్లి అడుగు, ఇప్పుడే అడుగు, నవంబరు 15 నుంచి ఐదు రోజులు మీ సమయం కావాలి అని తేదీలతో అడుగు. ఊరికే చేయించుకోకు. డబ్బు తీసుకోకపోతే బట్టలు పెట్టు.

ముందుమాటల గురించి ఒక మాట. మన దగ్గర చిన్న పుస్తకానికి కూడా నలుగురు పెద్దల ముందుమాటలు ఉండాలనుకుంటాం. వాళ్లు పంపిస్తామంటారు, పండగంటారు, ఆరోగ్యం బాగోలేదంటారు, మనం గట్టిగా అడగలేం. పుస్తకం అక్కడే ఆగిపోతుంది. పైగా వచ్చిన పొగడ్త చదివి కొన్నవాళ్లని నేను చూడలేదు. నన్ను కూడా అడిగావు, నేను రాయను. నీ మీద ప్రేమ లేక కాదు. ఈ పుస్తకానికి నువ్వే రెండు పేజీల ముందుమాట రాసుకో, ఈ సంత గురించి ఎందుకు రాయాలనిపించిందో చెప్పు, చాలు.

డీటీపీ దగ్గర జాగ్రత్త. నువ్వు ఫోన్లోనూ నెట్లోనూ వాడే యూనికోడ్‌లో టైపు చేస్తున్నావు, చాలామంది డీటీపీవాళ్లు ఇప్పటికీ పాత పద్ధతి అను ఫాంట్లలోనే పేజీలు కడతారు. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చేటప్పుడు అక్షరాలు చెదురుతాయి. బస్‌స్టాండ్, ఫేస్‌బుక్ లాంటి మాటలు కలిసిపోయి వత్తులుగా మారతాయి, కొటేషన్ గుర్తులు వేరే ఏవో అక్షరాలవుతాయి, అరుదైన సంయుక్తాక్షరాలు విడిపోతాయి. వీలైతే పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే చేసేవాళ్లని వెతుక్కో. మండలి, రామరాజ, ఎన్టీఆర్, గురజాడ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, అచ్చులో ఎలా కనిపిస్తుందో ఒక పేజీ ప్రింటు తీసి చూసుకుని ఎంచుకో. అనులోనే చేయాల్సి వస్తే మొత్తం ఇవ్వకముందు ఒక్క వ్యాసం మార్పించి చూడు, ఏ అక్షరాలు పోతున్నాయో ఆ ఒక్క వ్యాసంలోనే తెలిసిపోతుంది.

ప్రూఫులు కాగితం మీదే చూడు. మన కళ్లు మనం రాసింది చదవవు, రాశామనుకున్నది చదువుతాయి. అందుకే మొదటి ప్రూఫు ఒకరు పైకి చదువుతుంటే నువ్వు మూలంతో పోల్చుకో, మీ అక్కయ్య చదువుతానంటే అంతకంటే కావలసింది లేదు. రెండో ప్రూఫులో కొత్తగా ఏమీ రాయకు, మొదటిదాంట్లో దిద్దినవి దిద్దారా లేదా, దిద్దబోయి కొత్త తప్పు చేశారా అన్నది మాత్రమే చూడు. ఒక పేరాలో రెండు లైన్లు కలిపితే ఆ తర్వాతి పేజీలన్నీ జరుగుతాయి, విషయసూచికలో అంకెలు తప్పుతాయి. చివరగా పెద్ద అక్షరాలు చూడు: అట్ట మీద పేరు, స్పైన్ (పుస్తకం వెన్ను) మీద పేరు, వ్యాసాల శీర్షికలు. చిన్న అక్షరాల్లో తప్పు వెతికే కళ్లకి పెద్ద అక్షరాల్లో తప్పు కనపడదు. పేజీల సంఖ్య ఖాయమయ్యేదాకా అట్ట ఫైలు ఖాయం చేయొద్దు, స్పైన్ ఎంత మందం అన్నది పేజీలూ కాగితమూ తేలాకే తెలుస్తుంది. తొంభై ఆరు పేజీలకి అది సన్నగానే వస్తుంది, అక్షరం చిన్నదిగా, కుదురుగా ఉండనీ.

ఎన్ని కాపీలు? వెయ్యి వేస్తే కాపీ చవగ్గా పడుతుందని ప్రెస్సతను చెబుతాడు, అది నిజమే. కానీ అమ్ముడుపోని ఏడు వందల కాపీల ఖర్చు ఆ చవకలో కనపడదు. మొదటిసారి డిజిటల్ ప్రింటులో నూట యాభయ్యో రెండు వందలో వేయించు. కాపీకి ఎక్కువ పడినా చేతిలోంచి పోయే మొత్తం తక్కువ, అన్నిటికీ మించి మిగిలిన తప్పులు తర్వాతి ప్రింటులో దిద్దుకోవచ్చు. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో కాగితం గానీ కాస్త పసుపు రంగు నేచురల్ షేడ్ గానీ చాలు, అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకో, ముగ్గురికీ ఒకే కొలతలు ఇవ్వు, లేకపోతే పోల్చలేవు. మొత్తం వేసే ముందు ఒక్క డమ్మీ కాపీ బైండ్ చేయించి మధ్య పేజీ తెరిచి చూడు, బైండింగ్ వైపు మార్జిన్ చాలకపోతే వాక్యాల చివర్లు లోపలికి పోతాయి. ఇది స్క్రీన్ మీద తెలీదు.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య, అదే ఐఎస్‌బీఎన్‌కి ఈ రోజే దరఖాస్తు పెట్టు. మన దేశంలో దాన్ని రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లోనే, ఉచితంగా. ఇప్పిస్తానని డబ్బడిగే వాళ్లకి ఇవ్వకు. ఎప్పుడొస్తుందన్నది మాత్రం నీ చేతిలో ఉండదు, రాకపోయినా టెన్షన్ పడకు, అది లేకుండా పుస్తకం వేయకూడదనే నియమమేమీ లేదు. పుస్తకం వచ్చాక ముప్పై రోజుల్లోపు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చట్టంలో ఉన్న మరి మూడు గ్రంథాలయాలకీ కాపీలు పంపాలి, 1954 నుంచి ఉన్న చట్టమది. సొంతంగా వేసుకునేవాళ్లు చాలామంది పంపరు. నువ్వు పంపు. మీ ఊరి సంత గురించి యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వెతికితే దొరికే చోటు అదే కావచ్చు.

అన్నట్టు, నీ వ్యాసాల్లో ఉన్న మనుషుల్ని అడిగావా? మిర్చి అమ్మే ఆవిడ పేరు రాశావు, ఆవిడ అప్పు సంగతి కూడా రాశావు. వచ్చే సంతకి వెళ్లి ఆవిడకి ఆ రెండు పేరాలు చదివి వినిపించు. వద్దంటే పేరు మార్చు, అప్పు సంగతి తీసెయ్. ఫొటోలు వేసినా అంతే. ఈ పని గడువు చూసుకుని చేసేది కాదు, దీనికి ఒక రోజు పోయినా పర్వాలేదు.

అమ్మకం గురించి ఇప్పుడు ఎక్కువ ఆలోచించకు. ఒక్క పుస్తకానికి సొంత స్టాల్ అక్కర్లేదు, తెలిసిన పబ్లిషర్ స్టాల్లో పెట్టమని నవంబరులోనే అడుగు. కమీషన్ నలభై శాతం దాకా అడగొచ్చు, ధర పెట్టేటప్పుడే అది లెక్కలో వేసుకో. ఎన్ని కాపీలు ఇచ్చావో రసీదు రాయించుకో, ఎంత స్నేహమున్నా సరే. ఒక పాతిక కాపీలు మాత్రం పక్కన ఉంచి మీ ఊరి సంతలోనే అమ్ము.

నవంబరు చివరి రోజుకి రెండో ప్రూఫు పూర్తి కాకపోతే హైదరాబాద్ సంగతి మర్చిపో. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంది, కోస్తా జిల్లాల నుంచి బస్సులెక్కి వచ్చి సంచుల నిండా పుస్తకాలు కొనుక్కుపోయే పాఠకులు అక్కడికొస్తారు. అలా కలిసొచ్చే రోజుల్లో, అచ్చుకి కావలసినవి పోను, మిగిలినవి ప్రూఫులకి ఇవ్వు. ఈ నిర్ణయం ఇప్పుడే రాసిపెట్టుకో, ఎందుకంటే డిసెంబరు ఒకటిన నీకు తీసుకోబుద్ధి కాదు.

ఆదివారం లోపు ఏడు వ్యాసాల పేర్లూ, ఒక్కో దాని మొదటి వాక్యమూ నాకు పంపు. మొదటి వాక్యాల్లో అనాదిగా అన్న మాట కనిపిస్తే తిప్పి పంపుతాను. వాన పడ్డ సంత ముందు రాయి, అది నీకు అన్నిటికంటే బాగా వస్తుందని నా నమ్మకం.

మీ అన్నయ్య