చీరల సైటులో జపాన్ రాతలు: వెబ్‌సైట్ యజమానుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది చేనేత చీరల వ్యాపారం. కొన్నేళ్ల కిందట వర్డ్‌ప్రెస్‌తో వెబ్‌సైట్ చేయించుకున్నాం. ఈమధ్య గూగుల్‌లో మా దుకాణం పేరు వెతికితే, మా సైటు పేరు కిందనే జపాన్ అక్షరాలతో చేతి గడియారాల ప్రకటనలు, చెప్పుల ప్రకటనలు వస్తున్నాయి. నొక్కితే మరేదో అంగడికి పోతోంది. మేము నేరుగా సైటు తెరిస్తే మాత్రం అంతా మామూలుగానే ఉంది. సైటు చేసిన అబ్బాయి మా కంప్యూటర్‌లో వైరస్ ఉందంటున్నాడు. నిజమేనా?
(చేనేత వస్త్ర వ్యాపారి, మంగళగిరి)

సమాధానం: వైరస్ మీ కంప్యూటర్‌లో ఉంటే ఆ రాతలు మీ ఒక్కరికే కనిపించాలి. బంధువుల ఫోన్‌లో వెతికించి చూడండి. అక్కడా కనిపిస్తే లోపం సైటులోనే ఉందని నిశ్చయించుకోవచ్చు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది 'జపనీస్ కీవర్డ్ హ్యాక్' అని పేరుపడిన దాడి. సైటులోకి చొరబడినవారు నకిలీ సరుకుల పేర్లతో వేలకొద్దీ పేజీలు పుట్టించి, గూగుల్ దగ్గర మీ సైటు ఇన్నాళ్లుగా సంపాదించుకున్న మంచి పేరును తమ అమ్మకాలకు వాడుకుంటారు. ఆ పేజీలను గూగుల్ యంత్రానికీ, గూగుల్ ద్వారా వచ్చిన సందర్శకులకూ మాత్రమే చూపించి, నేరుగా వచ్చిన వారికి అసలు సైటునే చూపిస్తారు. యజమాని కంట పడకుండా నెలల తరబడి సాగించడానికే ఈ ఏర్పాటు.

నష్టం ఎంతవరకు పాకిందో తెలుసుకోవాలంటే, గూగుల్ వెతుకు పెట్టెలో 'సైట్' అన్న మాటను ఇంగ్లిషులో రాసి, పక్కన కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, రాయండి. మీ సైటులో ఉన్నట్టుగా గూగుల్ నమోదు చేసుకున్న పేజీలు వరుసగా కనిపిస్తాయి. తరువాత సైటు యజమానుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్ తెరిచి యజమానుల జాబితా చూడండి. ఈ దాడిలో చొరబాటుదారు తనను కూడా యజమానిగా చేర్చుకోవడం పరిపాటి. అతని పేరు తీసివేస్తే సరిపోదు. యాజమాన్యం నిరూపించుకోవడానికి అతను మీ సైటులో పెట్టిన చిన్న ఫైలును కూడా తొలగించాలి. అది ఉన్నంతకాలం అతను మళ్లీ చేరగలడు.

శుభ్రం చేసే పనికి ఒక క్రమం ఉంది. ముందుగా సైటు ఉన్నదున్నట్టుగా ఒక నకలు తీసి పక్కన పెట్టుకోండి. చొరబాటు ఎలా జరిగిందో తేల్చడానికి అదే ఆధారం. సైటును ఉంచిన హోస్టింగ్ ఖాతా, ఫైళ్లు ఎక్కించే ఎఫ్‌టీపీ, డేటాబేస్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. ఎవరో తెలియని అడ్మిన్ పేర్లు కనిపిస్తే తీసివేయండి. వర్డ్‌ప్రెస్ ఫైళ్లను, అదనపు సదుపాయాలిచ్చే ప్లగిన్లను, సైటుకు రూపమిచ్చే థీమ్‌ను తడుముతూ సరిచేయబోకుండా, పూర్తిగా తీసేసి అసలు చోటు నుంచి కొత్తవి తెచ్చి పెట్టండి. బొమ్మలు దాచే అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను మాత్రం చేత్తో వెతకవలసిందే. చీరల ఫోటోలు ఉండవలసిన చోట పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్‌లో నడిచే ప్రోగ్రాము, కనిపించిందంటే, అది దాదాపుగా దొంగ పెట్టుకున్న దొడ్డిదారే. ఇవన్నీ ముగిశాక, సెర్చ్ కన్సోల్‌లో భద్రతా హెచ్చరిక ఉంటే పునఃపరిశీలన కోరండి. నకిలీ పేజీలు గూగుల్ జాబితా నుంచి ఒక్కసారిగా పోవు. మీ సైటు వాటికి 'ఈ పేజీ లేదు' అని సమాధానమిస్తూ ఉంటే కొన్ని వారాల్లో క్రమంగా తొలగిపోతాయి.

దొంగ ఎలా వచ్చాడన్నది కూడా తేలాలి, లేకపోతే ఇంత శ్రమా వృథా అవుతుంది. చాలా సందర్భాల్లో కారణం ఏళ్ల తరబడి నవీకరించని ప్లగినో, డబ్బుపెట్టి కొనవలసిన థీమ్‌ను ఎక్కడో ఉచితంగా దొరికిందని తెచ్చి పెట్టడమో అయి ఉంటుంది. వర్డ్‌ప్రెస్ తన చిన్న భద్రతా సవరణలను 2013 నుంచి తనంతట తానే వేసుకుంటోంది గాని, ప్లగిన్లకు ఆ సదుపాయాన్ని మీరే ఆన్ చేసుకోవాలి. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. సైటు కట్టడానికి తీసుకున్న డబ్బులో దాని కాపలా కూడా చేరి ఉందా అన్నది మన ఊళ్లలో ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. ఇకనైనా సంవత్సరానికి ఇంత అని నిర్వహణ ఒప్పందం రాసుకోండి.

మీ సైటులో కొనుగోలుదారుల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటే, వారికి జరిగింది చెప్పడం మీ బాధ్యత. ఇటువంటి చొరబాట్ల మీద ఫిర్యాదులు స్వీకరించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్. సంస్థలు విషయం తెలిసిన 6 గంటల్లోగా దానికి తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వెలువడ్డాయి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుని ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయించండి.

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ చేసిన వ్యక్తి ఫోన్ ఎత్తడం లేదు. డొమైన్ గడువు వచ్చే నెలలో తీరిపోతుందని విన్నాం. ప్రతి ఏటా డబ్బు కడుతున్నది మేమే. పేరు మాది కాకుండా పోతుందా?
(కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, హనుమకొండ)

సమాధానం: పోవచ్చు, అందుకే ఈ రోజే కదలండి. డబ్బు ఎవరు కట్టారన్నది రిజిస్ట్రార్, అంటే డొమైన్ పేర్లు అమ్మి నమోదు చేసే సంస్థ, చూడదు. దస్తావేజు ఎవరి పేరున ఉంటే స్థలం వారిదైనట్టే, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు, ఎవరి ఈమెయిల్ ఉంటే డొమైన్ వారిదే. డొమైన్ వివరాలు చూపే హూఈజ్ సేవలో మీ డొమైన్ పేరు రాసి చూస్తే రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఏ తేదీకి తీరుతుందో తెలుస్తుంది; యజమాని వివరాలు మాత్రం ఇప్పుడు చాలావరకు దాచి ఉంచుతున్నారు. రిజిస్ట్రార్‌కు మీ సంస్థ నమోదు పత్రం, మీరు డబ్బు కట్టిన రసీదులు జతచేసి ఉత్తరం రాయండి. ఆ వ్యక్తికి కూడా, వాట్సాప్‌తో సరిపెట్టక, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అతను దొరికితే డబ్బుల సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు. ముందు రెన్యువల్ చేయించి, డొమైన్‌ను మీ ఖాతాలోకి మార్పించుకోండి.

డాట్ కామ్ పేరు గడువు తీరిన మరునాడే ఇతరుల పాలు కాదు. రిజిస్ట్రార్ విధానాన్ని బట్టి కొన్నాళ్లు మామూలు రుసుముతోనే పునరుద్ధరించుకోవచ్చు. ఆ పేరును రద్దు చేశాక కూడా 30 రోజులపాటు, ఎక్కువ రుసుముతో, పాత యజమాని దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తరువాత మరో 5 రోజులకు అది ఎవరైనా కొనుక్కోగల పేరవుతుంది. అయితే కొందరు రిజిస్ట్రార్లు అంతదాకా రానివ్వకుండా మధ్యలోనే వేలం వేస్తారు కనుక ఈ గడువులను నమ్ముకుని కూర్చోవద్దు. మీది డాట్ ఇన్ అయి, ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ కూడా ఉంటే, డాట్ ఇన్ పేర్లను నిర్వహించే నిక్సీ సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి వెళ్లే దారి ఉంది.

డొమైన్ చేతికి వచ్చాక ఒక్క విషయం మరువకండి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీద నడిచేది కాకూడదు. గడువు తీరితే ఆ ఈమెయిల్ కూడా ఆగిపోతుంది, గడువు తీరిందన్న హెచ్చరికలూ మీకు చేరవు.

ప్రశ్న: 'అన్‌లిమిటెడ్' అని కొన్న హోస్టింగ్‌లో ఫైళ్లు ఎక్కువయ్యాయని మా సైటు ఆపేశారు. స్థలం సగం కూడా నిండలేదు. ఇది మోసం కాదా?
(ట్రావెల్స్ యజమాని, విశాఖపట్నం)

సమాధానం: ప్రకటన మిమ్మల్ని తప్పుదారి పట్టించిందన్నది నిజమే. ఒకే సర్వర్‌ను వందలాది సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో స్థలానికి పరిమితి లేదన్నా, ఫైళ్ల సంఖ్యకు ఐనోడ్ అనే పరిమితి ఉంటుంది. అది నిబంధనల పత్రంలో ఎక్కడో రాసి ఉంటుంది. ప్రతి ఈమెయిల్ ఒక ఫైలు, కేష్ ప్లగిన్ దాచే ప్రతి పేజీ ఒక ఫైలు. మీ సంగతిలో పాత బుకింగ్ ఉత్తరాలే పేరుకుపోయి ఉంటాయని నా అనుమానం. వాటిని ఖాళీ చేస్తే సైటు తిరిగి తెరుస్తారు.

దీనికన్నా నన్ను కలవరపెట్టినది, 'బ్యాకప్ హోస్టింగ్ వాళ్లే తీస్తారు' అని మీరు ఉత్తరం చివర రాసిన మాట. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. ఐరోపాలో పేరున్న పెద్ద సంస్థ అది. అయినా కొందరు ఖాతాదారుల సైట్లూ, వాటి బ్యాకప్‌లూ ఒకే ఆవరణలో ఉండటంతో రెండూ కలిసి పోయాయి. అందువల్ల నెలకు ఒకసారైనా ఫైళ్లనూ డేటాబేస్‌నూ మీ సొంత హార్డ్‌డిస్క్‌లోకి దించుకోండి. దించుకున్నది నిజంగా పనిచేస్తుందో లేదో, దాన్ని మరోచోట ఎక్కించి, సైటు తెరుచుకోవడం కళ్లారా చూసి తెలుసుకోండి.

ప్రశ్న: ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కు ఏటా వేలల్లో అడుగుతున్నారు. కట్టాలా?
(ప్రచురణకర్త, విజయవాడ)

సమాధానం: మీ వంటి సైటుకు అక్కరలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్షలేని సేవ 2015 నుంచి వీటిని ఉచితంగా ఇస్తోంది. గడువు 90 రోజులకు మించదు గాని, చాలా హోస్టింగ్ సంస్థల్లో రెన్యువల్ దానంతట అదే జరిగిపోతుంది. సర్టిఫికెట్ అవసరమే లేదని మాత్రం అనుకోవద్దు; అది లేని సైట్లన్నిటినీ క్రోమ్ 2018 జూలై నుంచి సురక్షితం కానివిగా చూపుతోంది. అయితే అది సందర్శకుడికీ సైటుకూ మధ్య మాటలను కాపాడుతుందే తప్ప చొరబాట్లను ఆపదు.

ప్రశ్న: మా సైటులోని సంప్రదింపు ఫారం నుంచి రోజూ పదుల కొద్దీ చెత్త ఉత్తరాలు వస్తున్నాయి. అసలు కస్టమర్ల ఉత్తరాలేమో స్పామ్‌లోకి పోతున్నాయి. ఏం చేయాలి?
(నర్సరీ యజమాని, కడియం)

సమాధానం: చెత్త నింపుతున్నది మనుషులు కారు, బాట్లు. ఫారంలో మనుషుల కంటికి కనిపించని ఒక గడి పెట్టిస్తే, బాట్ దాన్ని కూడా నింపి దొరికిపోతుంది. చాలావరకు దీనితోనే తగ్గుతుంది. తగ్గకపోతే నింపేది మనిషో కాదో పరీక్షించే క్యాప్చా చేర్చండి. ఫారం నింపిన వారికి 'మీ సందేశం అందింది' అంటూ వారి మాటలనే తిరిగి పంపే ఏర్పాటు ఉంటే ముందుగా దాన్ని ఆపేయండి. స్పామర్లు ఎవరిదో ఈమెయిల్ రాసి, సందేశంలో తమ ప్రకటన పెడితే, దాన్ని వారికి మోసుకెళ్లేది మీ సైటే అవుతుంది. చివరకు మీ డొమైన్‌కే చెడ్డపేరు వస్తుంది.

రెండో బాధకు కారణం తరచుగా ఫారం అమరికలోనే ఉంటుంది. ఉత్తరం పంపినవారి గడిలో కస్టమర్ జీమెయిల్ చిరునామా కనిపించేలా చేస్తారు. జీమెయిల్ పేరుతో మీ సర్వర్ పంపే ఉత్తరం నకిలీ ఉత్తరంలాగే కనిపిస్తుంది. పంపినవారిగా మీ డొమైన్ చిరునామా ఉంచి, కస్టమర్ చిరునామాను 'రిప్లై టు' గడిలో పెట్టించండి. ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేయడానికి తోడ్పడే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మీ డొమైన్‌కు ఉన్నాయో లేదో కూడా చూడండి. తనకు ఉత్తరాలు పంపే ప్రతి డొమైన్‌కూ మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలని, రోజుకు 5,000 పైచిలుకు పంపేవారికి మూడూ ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతోంది. వాటిని చేర్చే పని మీ హోస్టింగ్ వారిదే, అడిగి చేయించుకోండి.