తెలియని వ్యక్తికి యూఎస్‌డీటీ అమ్మేటప్పుడు దేన్ని నమ్మాలి?

టెలిగ్రామ్‌లో పరిచయమైన ఒకాయన మీ యూఎస్‌డీటీకి (డాలరు విలువతో ముడిపడిన క్రిప్టో కాయిన్‌కు) మార్కెట్ ధర కంటే నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తానంటున్నాడు, ముందు కాయిన్లు పంపమంటున్నాడు, నమ్మవచ్చా అని అడిగారు. వద్దు. వాలెట్ దాటి వెళ్లిన కాయిన్‌ను వెనక్కి రప్పించే నాథుడు ఉండడు.

నేనూ విశాఖలోనే ఉంటాను. కొన్నేళ్లుగా పీటూపీలో, అంటే క్రిప్టో ఎక్స్ఛేంజీలో మనిషికి మనిషి నేరుగా, అమ్ముతూ, కొంటూ ఉన్నాను. డబ్బు రాదేమోనన్న భయానికి ఎస్క్రో ఉంది: మీ కాయిన్లను ఎక్స్ఛేంజీ తన దగ్గర ఆపి ఉంచుతుంది, సొమ్ము అందిందని మీరు చెప్పాకే అవతలివారికి విడుదల చేస్తుంది. ఎదుటివాళ్లు పంపే స్క్రీన్‌షాట్‌నూ, ఎస్సెమ్మెస్‌నూ పట్టించుకోకండి. బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకోండి.

అసలు ప్రమాదం డబ్బు వచ్చాక మొదలవుతుంది. ‘డిజిటల్ అరెస్టు’ అని ఎవరో పెద్దాయనను బెదిరించి కాజేసిన సొమ్ము నాలుగు ఖాతాలు మారి మీ ఖాతాలో పడుతుంది. ఆయన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేస్తాడు. పోలీసులు ఆ సొమ్ము జాడ పట్టుకుని దారిలో ఉన్న ఖాతాలను ఆపించుకుంటూ వస్తారు. అప్పటికి మీరు కాయిన్లు ఇచ్చేసి ఉంటారు. నాకు తెలిసిన మర్చంట్ నేవీ ఉద్యోగి ఒకరి జీతం ఖాతా ఇలాగే స్తంభించింది. ఇంటి వాయిదా కట్టడానికి కూడా అందులోంచి రూపాయి తీయలేకపోయారు. ఆర్డరు వివరాలు, చాట్ భద్రంగా ఉంచుకున్నారు కనుక వేరే రాష్ట్రం పోలీసుల నోటీసుకు జవాబివ్వగలిగారు. దొంగసొమ్మును త్వరగా వదిలించుకోవాలనుకునేవాడికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడం లెక్క కాదు. అందుకే ఎక్కువ ధర అనగానే నాకు అనుమానం వస్తుంది.

కాబట్టి నేను మనిషి మాటతీరు చూడను, సొమ్ము ఎవరి పేరు మీద నుంచి వచ్చిందో చూస్తాను. ఒకసారి ద్వారకానగర్‌లో పనిమీద ఉండగా ఒక ఆర్డరుకు 25,000 రూపాయలు పడ్డాయి. ఎక్స్ఛేంజీలో కేవైసీ పేరు ఒకటి, పంపిన ఖాతా పేరు మరొకటి. “మా బావగారి ఖాతా అండీ, నా యూపీఐ పరిమితి అయిపోయింది” అన్నాడు కొన్నవ్యక్తి. ఫోను మీద ఫోను. “అయితే మీ బావగారినే ఆయన పేరుతో కొనమనండి” అని చెప్పి, ఆర్డరు రద్దు చేయించి, డబ్బు వచ్చిన ఖాతాకే తిప్పి పంపాను. అతను నిజమే చెప్పి ఉండవచ్చు. కానీ రేపు పోలీసులు అడిగితే ఆ బావగారు ఎవరో నేను చెప్పలేను కదా! ఇలాంటప్పుడు డబ్బును “వేరే నంబరుకు తిప్పి పంపండి” అంటే మాత్రం ఒప్పుకోకండి.

చట్టం సంగతి క్లుప్తంగా. బ్యాంకులు క్రిప్టో లావాదేవీలకు సేవలివ్వకూడదని 2018లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఆంక్షను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసే కేంద్ర సంస్థ ఎఫ్ఐయూ ఇండియాలో నమోదైన వేదికనే ఎంచుకోండి. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ బరువే, కాదనను. కానీ ఖాతా ఆగిన రోజున ఆ పన్ను రికార్డే మీ తరఫున మాట్లాడుతుంది. జీతం పడే ఖాతాను దీనికి అసలు వాడకండి, వేరుగా ఒకటి తెరవండి.

జగదాంబ దగ్గర కలిసి నగదు ఇస్తాననేవాళ్లూ తగులుతారు. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. తక్కువైనా, ఆ నోట్లు ఎక్కడివో మీకు తెలియదు. నాకు గాజువాక నుంచి ఎప్పుడూ కొనే ఆయన ఒకరున్నారు, మేం ఇంతవరకు ముఖాముఖి కలవలేదు. చిన్న మొత్తాలతో మొదలుపెట్టాం. ఆయన ప్రతిసారీ ఒకే ఖాతా నుంచి పంపుతారు, నేను సొమ్ము పడగానే కాయిన్లు విడుదల చేస్తాను.

మీ టెలిగ్రామ్ పరిచయస్తుణ్ణి ఒక్కటే అడగండి: ఎక్స్ఛేంజీలో, తన సొంత పేరున్న ఖాతా నుంచి, మార్కెట్ ధరకే కొంటాడా? సరేనంటే చిన్న మొత్తంతో చూడండి. నసిగితే నంబరు బ్లాక్ చేయండి.