వైఫై సందేహాలు: పవర్, యాంటెన్నా, ఛానల్

ప్రశ్న: యాక్సెస్ పాయింట్‌లో (వైఫై సిగ్నల్ పంచే పరికరంలో) ట్రాన్స్‌మిట్ పవర్ ‘హై’లో పెట్టాను. చివరి గదిలో కూడా ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటున్నాయి. కానీ పేజీలు తెరుచుకోవు, వీడియో కాల్‌లో నా మాట అవతలివారికి తెగిపోతోంది. లోపం ఎక్కడ?

జవాబు: యాక్సెస్ పాయింట్ పంపేది ఫోన్‌కు ఎంత గట్టిగా అందుతోందో ఆ గీతలు చెబుతాయి. ఫోన్ పంపేది అటు ఎలా చేరుతోందో వాటికి తెలియదు. మీ యాక్సెస్ పాయింట్ 23 డీబీఎంతో (సిగ్నల్ శక్తిని కొలిచే లెక్క ఇది), అంటే 200 మిల్లీవాట్లతో పంపుతోందనుకుందాం. ఫోన్లు చాలావరకు 12 నుంచి 15 డీబీఎం దగ్గరే ఆగిపోతాయి. 3 డీబీ (డెసిబెల్) పెరిగితే శక్తి రెట్టింపవుతుంది కాబట్టి ఈ తేడా ఆరు నుంచి పన్నెండు రెట్లు. పైగా వైఫైలో పంపిన ప్రతి ఫ్రేమ్‌కు, అంటే డేటా ముక్కకు, ‘అందింది’ అని తిరుగు కబురు రావాలి. అది రాకపోతే అదే ఫ్రేమ్‌ను మళ్లీ పంపాలి. అవతలివారికి మీ మాట తెగుతోందంటేనే బలహీనంగా ఉన్నది ఫోన్ నుంచి వెళ్లే దారి అని అర్థం.

ఫోన్‌ను చివరి గదిలో ఉంచి, యాక్సెస్ పాయింట్ అడ్మిన్ పేజీలో క్లయింట్ల జాబితా తెరవండి. ఫోన్ ఎదురుగా కనిపించే సిగ్నల్ అంకె యాక్సెస్ పాయింట్‌కు అందుతున్నది. అది మైనస్ 67 డీబీఎం కన్నా మెరుగ్గా, అంటే సున్నాకు ఇంకా దగ్గరగా, ఉంటే కాల్స్‌కు ఢోకా లేదు. మైనస్ 75 కన్నా కిందికి పడితే ఇక్కడ పవర్ పెంచి లాభం లేదు. ఆ వైపు కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టుకోవడమే మేలు. అప్పుడు పవర్ తగ్గించి, వైఫై వాడే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్‌కు 17, 2.4 గిగాహెర్ట్జ్‌కు 11 డీబీఎం దగ్గర మొదలుపెట్టండి. రెండింటికీ ఒకే పవర్ ఇస్తే 2.4 ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఫోన్లు దాన్నే పట్టుకుని వేలాడతాయి.

ప్రశ్న: 3 డీబీఐ యాంటెన్నాలు తీసి 9 డీబీఐవి బిగించాం. అదే అంతస్తులో దూరం పెరిగింది, కింది అంతస్తులో ఉన్నది కూడా పోయింది. ఎందుకు?

జవాబు: యాంటెన్నా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని మళ్లిస్తుంది. అలా ఒక దిక్కుకు ఎంత పోగుచేస్తుందో చెప్పేదే గెయిన్, దాని కొలత డీబీఐ. మట్టిముద్దను అరచేత్తో అదిమితే వెడల్పు పెరిగి మందం తగ్గినట్టే ఇదీ. చిన్న డైపోల్ (మామూలు కడ్డీ యాంటెన్నా) నిలువులో 75 డిగ్రీల దాకా పరుచుకుంటే, 9 డీబీఐ ఓమ్ని (చుట్టూ పంపే యాంటెన్నా) సుమారు 15 డిగ్రీల పట్టీగా మారుతుంది. మైదానానికి, పొడవాటి గోదాముకు అది మంచిది. మేడ మీద నుంచి కిందికి కావాలంటే పాతవే బిగించి, ఒకదాన్ని నిలువుగా, మరొకదాన్ని అడ్డంగా వంచండి. యాంటెన్నా కొనవైపు సిగ్నల్ దాదాపు ఉండదు కాబట్టి దాన్ని గురిపెట్టినట్టు గది వైపు తిప్పకండి.

బిగించేటప్పుడు కనెక్టర్ కూడా చూడండి. ఎస్ఎంఏ, ఆర్‌పీ-ఎస్ఎంఏ అనే రెండు రకాల కనెక్టర్ల మరలు ఒకదానికొకటి పడతాయి, కానీ మధ్యలో పిన్ను ఉండాల్సిన చోట రెండు వైపులా రంధ్రాలే మిగలవచ్చు. బిగుతుగానే ఉంటుంది, సిగ్నల్ మాత్రం ఉండదు. మూడు పోర్టులకు రెండే యాంటెన్నాలుంటే మూడో చెయిన్‌ను (ఆ పోర్టుకు చెందిన రేడియో మార్గాన్ని) సెట్టింగ్స్‌లో ఆపేయండి. ఆపకపోతే ఆ పోర్టు నుంచి పంపిన డేటా భాగం గాలిలో కలవదు, వేగం కుంటుతుంది.

ప్రశ్న: ‘యాంటెన్నా గెయిన్’ గడిలో 8 అని నింపగానే పవర్ దానంతట అదే తగ్గింది. సున్నా పెట్టేస్తే పోలేదా?

జవాబు: కుదరదు. దేశాల నిబంధనలు పరిమితి పెట్టేది ఎక్కువగా యాంటెన్నా నుంచి వెలువడే మొత్తానికి. రేడియో పవర్‌కు గెయిన్ కలిపి, కేబుల్ నష్టం తీసేస్తే వచ్చేదే ఆ మొత్తం. పరిమితి 30 డీబీఎం, యాంటెన్నా 8 డీబీఐ, కేబుల్ నష్టం 2 డీబీ అనుకోండి. నికర గెయిన్ 6 కాబట్టి రేడియో 24 దాకా వెళ్లవచ్చు. నష్టానికి వేరే గడి లేకపోతే గెయిన్ గడిలో 6 రాయండి. 8 రాస్తే 22కే ఆగి, న్యాయంగా దక్కాల్సిన 2 డీబీ పోతుంది. సున్నా రాస్తే పరిమితి దాటుతారు. కొన్ని కంట్రోలర్లు (యాక్సెస్ పాయింట్లను నడిపే పరికరాలు) అర డీబీఐ లెక్కన అడుగుతాయి, అక్కడ 6కు బదులు 12 రాయాలి. ఏదేమైనా దేశం సెట్టింగ్ ముందు సరిచేయండి, పరిమితులన్నీ దాన్నిబట్టే మారతాయి.

పవర్ తగ్గిందని యాంటెన్నా వృథా అనుకోవద్దు. ఫోన్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌కు ఆ 6 డీబీ పూర్తిగా కలిసొస్తుంది. మొదటి ప్రశ్నలోని ఇబ్బందికి ఇది కొంత మందే.

కేబుల్ మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద మందపాటి ఎల్ఎంఆర్-400 కేబుల్ పది మీటర్లకు 2.2 డీబీ దాకా మింగుతుంది, 5.8 వద్ద 3.5 దాకా. సన్నని ఆర్‌జీ-58 అయితే 2.4 దగ్గరే పది మీటర్లకు 10 డీబీ పోతుంది, యాంటెన్నా ఇచ్చింది కేబుల్‌కే సరి. యాక్సెస్ పాయింట్‌నే యాంటెన్నా పక్కకు చేర్చి, కిందికి నెట్‌వర్క్ కేబుల్ దించడం ఎప్పుడైనా తెలివైన పని.

ప్రశ్న: ఛానల్ 100 పెట్టాక, రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పేరు ఒక నిమిషం కనపడదు. పరికరం చెడిందా?

జవాబు: లేదు. అది రాడార్లతో పంచుకునే ఛానల్. పంపే ముందు కనీసం 60 సెకన్లు రాడార్ కోసం వినాలి. మధ్యలో రాడార్ జాడ దొరికితే ఛానల్ వదిలి, 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. లాగ్‌లో అలాంటి నమోదు తరచూ కనిపిస్తుంటే 36, 40, 44, 48లలో ఒకటి తీసుకోండి.

ప్రశ్న: 2.4 గిగాహెర్ట్జ్‌లో చుట్టుపక్కల అందరూ 1, 6, 11 ఛానళ్లలో ఉన్నారు. 3 ఖాళీగా ఉంది. అందులోకి మారనా?

జవాబు: వద్దు. ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, మీ సిగ్నల్ వెడల్పు 20. ఛానల్ 3లో కూర్చుంటే 1, 6 రెండింటి రొదా మీకే. ఒకే ఛానల్‌లో ఉన్నవారు వంతులు వేసుకుంటారు, సగం కలిసినవారికి అదీ కుదరదు. 1, 6, 11లలో రద్దీ తక్కువదాన్ని ఎంచుకుని, 2.4లో వెడల్పు 40 కాకుండా 20కే ఉంచండి.